గిద్యోను ఏరిన బండి

లడాయి ఎక్కడో జరుగుతుంటే దాని దెబ్బ వచ్చి చేవెళ్ళ గడీలోని పెద్ద మోటారు మీద పడింది. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. ఆ బండేమో తాగడం మొదలుపెడితే ఆగే రకం కాదు, నెల కూపన్లన్నీ పోసినా పట్నం పోయి రావడానికి ఎటూ చాలడం లేదు. ఒక పొద్దున జనార్దన్ దొర వాకిట్లోకి వచ్చి, అద్దం తుడుస్తున్న డ్రైవరు గిద్యోనుతో, "చిన్న బండి కొందామురా. పట్నంల నవాబుల పోరగాండ్లు పందేలకు తోల్తరు సూడు, గసొంటిది. రెండు బండ్లున్నయి, రెండూ వాడినయే, రెండూ మొయినాబాద్ దిక్కే. నాకేం తెలుస్తది? నువ్వు జూసి ఏది మంచిదంటే అదే తీసుకుంట," అన్నాడు.

గిద్యోను చేతిలో గుడ్డ ఆగింది. ఈ దొర తండ్రి, పెద్దదొర, బతికున్న రోజుల్లో కూడా అతన్ని ఇంత మాట ఎవరూ అడగలేదు.

"ఇంకోటి," అన్నాడు దొర. "నాకు జర తోలుడు నేర్పు. లడాయి దినాలు, ఎప్పుడేం అవసరమొస్తదో."

"నేర్పుత దొరా. దాంట్లేమున్నది," అన్నాడు గిద్యోను, సంబరంగా.

నిజంగానే సంబరం. ఎందుకంటే గిద్యోనుకు ఫికర్ లేదు. పెద్దదొర పోయే ముందు మంచంలోంచే, పదిమంది వింటుండగా, "ఈ ఇంట్ల మోటరున్నన్ని దినాలు ముందు సీటు గిద్యోనుది" అన్నాడు. ఆ మాటను గిద్యోను ఆదివారం చదివే వాక్యం పక్కనే పెట్టుకున్నాడు. ముందు సీటంటే అప్పట్లో దొరలు కూర్చునే చోటు కాదు. దొర వెనక మెత్తటి సీట్లో, తోలేవాడు ముందు. మధ్యలో చెక్క అడ్డం. క్రైస్తవుల వాడ నుంచి వచ్చిన మనిషికి అది గౌరవం, దొరకు అది దూరం. ఇద్దరికీ సరిపోయిన ఏర్పాటు కాబట్టి ఇన్నేళ్ళుగా ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

పాఠాలు తెల్లారగానే మొదలయ్యేవి. ఊళ్ళోంచి పోయేటప్పుడు ఎప్పటిలాగే గిద్యోను ముందు, దొర వెనక. చింతతోపు దాటాక బండి ఆగేది. దొర దిగి వచ్చి స్టీరింగు దగ్గర కూర్చునేవాడు, గిద్యోను అటు తిరిగి వచ్చి పక్కన. మొదటిరోజు గిద్యోను సీటు అంచున సగమే కూర్చుని తలుపును కరుచుకుపోయాడు. కానీ గేరు అలా ఒదిగి కూర్చుంటే నేర్పే వస్తువు కాదు. దొర చేతి మీద తన చెయ్యి వేసి, "ఇప్పుడు కాలు తొక్కాలె... వదలాలె... మళ్ళ తొక్కాలె... ఇగ జరపాలె" అని చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి దొర చెయ్యి ఉలిక్కిపడింది. రెండోసారి ఊరుకుంది. ఆ తర్వాత దొరే, "ఏదిరా, నీ చెయ్యి పెట్టు" అనడం మొదలుపెట్టాడు.

బండి ముందు హ్యాండిలు పెట్టి, ఇంజను అందుకునేలా తిప్పడం కూడా నేర్పాడు. బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకుంటే ఇంజను వెనక్కి తన్నినప్పుడు విరుగుతుంది. దొర బొటనవేలును గిద్యోనే తీసి సరైన చోట పెట్టాడు. పసివాడికి పలక పట్టడం నేర్పినట్టు నేర్పాడు, దాచుకున్నది ఏమీ లేదు. ఒక్కటి మాత్రం మిగిలింది.

"ఇగ ఎనక్కి పోవుడు నేర్వాలె దొరా. గేరు జర లేపి గుంజాలె, మెడ తిప్పి చూడాలె."

దొర పకపకా నవ్వాడు. "ఈ తాలూకాల నా బండికి ఎదురొచ్చేటోడెవడురా? వచ్చినా వాడే ఎనక్కి పోతడు. ఎనక్కి పోవుడు నాకెందుకు?"

గిద్యోను కూడా నవ్వాడు. అబద్ధమేమీ కాదు మరి. గడీ మోటారు హారను వినపడితే ఎడ్లబండ్లు సడక్ దిగి చేలల్లోకి పోయేవి.

ఆ రోజు అన్నం తింటూ భార్య కరుణమ్మతో, "దొర పక్కపొంటి కూసున్ననే. భుజం భుజం తగిలింది," అన్నాడు.

కరుణమ్మ చింతపండు పిసుకుతూ తలెత్తలేదు. "తోపు ఇవతల గూడనా?"

తోపు దగ్గరికి రాగానే దొర మళ్ళీ వెనక సీట్లోకి పోతాడని ఆమెకు ఎవరో చెప్పే ఉంటారు.

"తోలుడు నేర్సినంక ఆయనకు నీతోటేం పని?" అంది ఆమె.

"పెద్దదొర మాటున్నది గదనే."

"మాటున్నది. పెద్దదొర లేడు," అంది కరుణమ్మ, చారులో ఉప్పు వేస్తూ.

మొదట చూసింది నీలం బండి. హిమాయత్‌సాగర్ కట్ట పని చూసిన తెల్ల ఇంజనీరుది. ఆయన లడాయికి పిలుపొచ్చి వెళ్ళిపోయాడు, తాళాలు వంటమనిషి యోసేపు దగ్గర ఉన్నాయి. యోసేపుదీ గిద్యోనుదీ ఒకే చర్చి సంఘం, పండుగలకు కలిసి పాడినవాళ్ళు. దొర కట్ట మీద గాలి పీల్చుకోవడానికి నడిచి వెళ్ళగానే యోసేపు బండి మీది గుడ్డ లాగి, "పాతదే గని మోటరు సుఖమైనదన్నా. ఇగో, దీని షోకు చూడు," అని వెనక మూత పైకి లేపాడు. మూత లోపల ఒక చిన్న సీటు తెరుచుకుంది.

దాన్ని డిక్కీ అంటారు. ఇప్పుడు డిక్కీ అంటే సామాను పడేసే చోటు. అప్పట్లో మనిషిని పడేసే చోటు. ముందు రెండు సీట్లలో దొరా దొరసానీ కూర్చుంటే, వెనక ఆ గుంటలో, ఎండకీ దుమ్ముకీ, నౌకరు కూర్చునేవాడు.

గిద్యోను దాన్ని చూసి, తలెత్తి ముందు వైపు చూశాడు. ముందున్నవి రెండే సీట్లు. దొర తన పక్కన కూర్చుని ఊళ్ళోకి రాడు. అంటే తోలేది దొరే. అంతవరకు ఈ లెక్క అతని బుర్రకు ఎక్కలేదు, చేతి మీద చెయ్యి వేయించుకున్న మురిపెంలో ఉన్నాడు మరి.

బండి కింద గోనెపట్టా పరిచి దూరాడు. గ్రీజు దట్టంగా పూసి ఉంది, అక్కర లేనిచోట కూడా. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. దొరసాని కూర్చునే పక్కన, బండి బరువంతా మోసే ఇనుప పట్టీ మీద, వెంట్రుకంత సన్నటి గీత కనిపించింది. గోరు పెట్టి చూస్తే గోరు దిగింది. పగులు.

బయటికి వచ్చేసరికి యోసేపు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "జూసినవా?"

"జూసిన."

"జూసినట్టు చెప్పకు. నా మాటిను అన్నా. నవాబు తోటలున్న ఎర్ర బండికి డిక్కీ లేదు. రెండే సీట్లు, గంతే. అది కొన్నడంటె నీకు ఏడ జాగ? ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య. నీలందే మంచిగున్నదను. నడిచినన్ని దినాలు నడుస్తది. డిక్కీల కూసోని నీ బతుకు నువ్వు బతుకు."

దొర వచ్చాడు. బండి నడిపి చూశాడు. గిద్యోను డిక్కీలో కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, మొరం దుమ్మంతా నోట్లోకి వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి దొర మెడ వెనక భాగం చూశాడు. ఎప్పుడూ దొరే వెనక ఉండేవాడు కదా. ఇది కూడా ఒక సీటే అని తనకు తాను చెప్పుకున్నాడు. దొర గుంతల్లో దించినప్పుడల్లా అతనికి డిక్కీ గుర్తు రాలేదు, పగులు గుర్తొచ్చింది.

మరునాడు ఎర్ర బండి. మొయినాబాద్‌లో ఒక నవాబు గారి మామిడితోట, అందులో బంగళా, బంగళా ముందు ఎర్రగా నిగనిగలాడుతూ బండి. దాని వయసు నీలం దాని వయసులో సగం కూడా ఉండదు. గిద్యోను స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి విన్నాడు. ఎక్కడా తేడా లేదు. కిందికి దూరి చూశాడు, ఇనుమంతా గట్టిది. సీట్ల వెనక పెట్రోలు డబ్బా ఒకటి పట్టేంత సందు ఉంది. అంతే.

దొర నడిపాడు, గిద్యోను పక్కన. పెద్ద బండిలో కన్నా ఇక్కడ ఇరుకు, భుజాలు విడదీయడానికి లేదు. ఈసీ వాగు దాకా పోయి తిరిగి వస్తున్నారు. దొర ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా వెలిగిపోతోంది. "ఎట్లున్నదిరా గిద్యోనూ! ఎట్లున్నది!" అని గాలిలో అరుస్తున్నాడు. గిద్యోనుకు కూడా ఆ క్షణాన సీట్లూ గీట్లూ గుర్తు లేవు. మంచి బండి మంచి బండే.

మొయినాబాద్ దుకాణాలు కనపడ్డాయి. దొర బండి ఆపాడు.

"దిగు," అన్నాడు, ముందుకు చూస్తూనే.

గిద్యోను దిగాడు. బండి దుకాణాల ముందు నుంచి హారను కొట్టుకుంటూ పోయింది. చింతతోపు దగ్గర అలవాటైన పనే కదా అనుకున్నాడు గాని, అక్కడ దిగితే ఎక్కడానికి ముందు సీటు ఉండేది. ఇక్కడ దిగాక నడవడానికి సడక్ ఉంది.

ఆ సాయంత్రం గడీ అరుగు మీద పట్వారీ రామచంద్రయ్య, ఇద్దరు చుట్టాలు కూర్చుని ఉన్నారు. దొర గిద్యోనును మెట్ల దగ్గరికి పిలిచాడు.

"అందరి ముంగట అడుగుతున్న. నీలందా, ఎర్రదా? మా నాయిన నీ చేతుల పాణం పెట్టి తిరిగిండు. నువ్వేదంటే అదే. నీ మాటే నా మాట."

గిద్యోను రుమాలు చేతిలో నలిపాడు. నాలుక మీద 'నీలం' అన్న మాటే ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు, అతనికి చోటుంటుంది, కరుణమ్మ పొయ్యి మీద కుండ ఉంటుంది. దొరసాని తలుపు వారగా నిలబడి వింటోంది. ఆమె కాళ్ళ కింద విరిగే పట్టీ అది. ఇవాళ కాకపోతే రేపు, ఏ వాగు దగ్గరో విరుగుతుంది. అందరి ముందు 'నీ మాటే నా మాట' అన్న మనిషికి అబద్ధం ఎలా చెప్పడం? తనను ఇంత నమ్మినవాడు తన సంగతి చూడకపోతాడా?

"ఎర్రదే మంచిది దొరా," అన్నాడు. "నీలందానికి కింద పట్టీ పగిలున్నది. దాంట్ల కూసోవద్దు."

"విన్నరు గద!" అన్నాడు దొర అరుగు వైపు తిరిగి. "గిద్యోనే ఏరిండు."

రామచంద్రయ్య తల ఊపాడు. అప్పుడు కూడా గిద్యోనుకు ఏమీ అనిపించలేదు. పైగా పొగిడారనే అనుకున్నాడు.

రెండురోజుల తర్వాత పెద్ద బండిని నవాబు తోటలో అప్పజెప్పమన్నాడు దొర. దాన్ని ఇచ్చి ఎర్రదాన్ని తెచ్చుకోవడం. గిద్యోను ముందు సీట్లో, దొరా దొరసానీ వెనక, పాత పద్ధతిలోనే పోయారు. దారి పొడుగునా గిద్యోను మెల్లగా నడిపాడు. తోటలో బండి ఆపి, ఇత్తడి హారనుకు అంటిన దుమ్ము చొక్కా కొసతో తుడిచి, తాళం తీసి దొర చేతికి ఇచ్చాడు. దొరవాళ్ళు లోపలికి పోయారు.

తోట కావలివాడు మల్లప్ప చుట్ట ముట్టించుకుంటూ వచ్చాడు. "మొత్తానికి తోల్కపోతున్నరా? దసరకే మాటైపాయె, బయానా పైసలు గూడ ముట్టినయి. గిన్ని దినాలు ఈడనే పెట్టుకోని కాసిన."

"ఏ బండికి?" అన్నాడు గిద్యోను.

"గీ ఎర్రదానికే. మీ దొరదే గద. తోలుడు నేర్సినంక తీస్కపోత అన్నడు."

దసరా పోయి నెల దాటింది. పాఠాలు మొదలు కానప్పటి మాట. అంటే నీలం బండి చూడ్డం ఉత్తదే. అరుగు మీద అడగడం ఉత్తదే. తను గోరు పెట్టి పగులు వెతికిందీ, నాలుక కొరుక్కుని నిజం చెప్పిందీ, అన్నీ ఉత్తవే. ఆట అయిపోయాక పాచికలు వేయించారు.

దొర బయటికి వచ్చాడు. దొరసానిని కూర్చోబెట్టి, తనే హ్యాండిలు తిప్పాడు. బొటనవేలు సరిగ్గా గిద్యోను పెట్టిన చోటే ఉంది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

"నడుసుకుంట రా," అన్నాడు దొర, స్టీరింగు దగ్గర కూర్చుని. గేరు మీద చెయ్యి వేశాడు. "ఇగ రేపట్నుంచి... నీకు తెలుసు గద. దీంట్ల డ్రైవరు పనేం లేదు."

"పెద్దదొర మాట..." అన్నాడు గిద్యోను.

"నేను తీసేసిన్నారా నిన్ను? డిక్కీ ఉన్న బండి చూపిస్తిని. వద్దంటివి. పదిమంది ముంగట నువ్వే ఎర్రది ఏరితివి." దొర గొంతులో కోపం లేదు, నచ్చజెప్పే మెత్తదనం ఉంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. బండి గేటు దాటి పోయింది. గేరు మార్చిన చప్పుడు గిద్యోనుకు వినపడింది. తను నేర్పినట్టే, కాలు తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి మార్చాడు. ఎక్కడా గీరుకోలేదు.

అతనికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పని పోయినందుకు కాదు. పని పోవడం పేదవాడికి కొత్తా? తన నిజాన్నే పట్టుకుని తన మెడ మీద పెట్టారు. అబద్ధం చెప్పి ఉంటే గెలిచేవాడని కూడా కాదు, ఏది చెప్పినా కొనేది ఎర్రదే. అలాంటప్పుడు ఆ నిజం తన నోటితోనే ఎందుకు చెప్పించారు? ఊళ్ళో ఎవరైనా 'పెద్దదొర మాట ఏమాయె' అంటే చెప్పడానికి. చేవెళ్ళ చేరేదాకా ఇదే అడుక్కుంటూ, ఇదే జవాబు చెప్పుకుంటూ నడిచాడు.

ఊరు అలాగే అంది. "గిద్యోనే ఏరిండట" అని రామచంద్రయ్య చావడిలో చెప్పాడు. "తిన్నగ డిక్కీల కూసోకపాయె, పౌరుషానికి పోయిండు" అన్నారు ఇంకెవరో. కరుణమ్మ మాత్రం ఒక్కటే మాట అంది: "నమ్మి నానబోస్తె పుచ్చి బుర్రలాయె." ఆ తర్వాత దెప్పలేదు. పొరుగున బాలప్పకు ఎడ్లబండి ఉంది, జొన్న చొప్ప పట్నానికి తోలుతాడు. చొప్ప ఎత్తడానికీ దించడానికీ మనిషి కావాలని ఆమే పోయి మాట్లాడి వచ్చింది.

సంక్రాంతి ఇంకా రాని చలి రోజులు. బాలప్ప బండి ముందు, వెనక ఇంకో నాలుగు బండ్లు, అన్నిటి మీదా మిద్దె ఎత్తు చొప్ప, రెండు పక్కలా బారెడు బయటికి వచ్చి ఉంది. గిద్యోను మొదటి బండి చొప్ప మీద కూర్చున్నాడు. ఈసీ వాగు మీది సన్న వంతెన సగం దాటారు. అవతలి నుంచి హారను వినపడింది.

ఎర్ర బండి ఆగకుండా వంతెన మీదికి వచ్చేసింది, చేలల్లోకి దిగుతారనే అలవాటుతో. వంతెన మీద దిగడానికి చేలెక్కడివి? ఎడ్ల ముఖాలకు బారెడు దూరంలో కీచుమని ఆగింది. దొర మళ్ళీ మళ్ళీ హారను కొట్టాడు.

బాలప్ప కిందికి దూకి చేతులు జోడించాడు. "నీ బాంచెన్ దొరా, చొప్ప బండి ఎనక్కి నడువది. ఎనక ఇంకా బండ్లున్నయి. తమరే జర ఎనక్కి..."

దొర ముఖం కందింది. గేరు లాగాడు. గరగరమని ఏడ్చింది. మళ్ళీ లాగాడు. బండి వెనక్కి పోవాల్సింది ఎగిరి ముందుకు గెంతింది. ఎడమ ఎద్దు బెదిరి కాడి మీదికి లేచింది, బాలప్ప ముకుతాడు పట్టుకుని వేలాడాడు. ఇంజను ఆగిపోయింది. వెనక బండ్లవాళ్ళు కిందికి దిగి చూస్తున్నారు, ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే దొరకు ఎక్కువ కష్టంగా ఉంది.

"పైన గిద్యోను ఉన్నడు," అంది దొరసాని, మెల్లగా.

దొరకు ఎప్పుడో కనపడ్డాడు. ఇంకాసేపు కనపడనట్టే ఉండాలని చూశాడు. చివరికి తలెత్తి, "గిద్యోనూ, జర దిగు. దీన్ని ఎనక్కి తియ్యి," అన్నాడు.

దిగకపోతే ఏం చేస్తాడు? ఆ ఆలోచన గిద్యోనుకు వచ్చింది. ఎద్దు ఇంకా వణుకుతోంది. దిగాడు. ఒంటికంటిన చొప్ప దులుపుకుని, రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. దొర స్టీరింగు దగ్గరి నుంచి లేచాడు. గిద్యోను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఎక్కడం లేదు. దొరసాని పక్క సీట్లో ఉంది మరి. దొరకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నువ్వు గూడ దిగు," అన్నాడు ఆమెతో.

దొరా దొరసానీ వంతెన గోడకు ఆనుకుని ఎడ్ల పక్కన నిలబడ్డారు. గిద్యోను హ్యాండిలు తిప్పి, వచ్చి కూర్చున్నాడు. ఎర్ర బండిని అతను నడపడం అదే మొదటిసారి. గేరును కొంచెం లేపి గుంజాడు. చప్పుడు లేకుండా పడింది. మెడ తిప్పి చూస్తూ వంతెన మీది నుంచి వెడల్పు సడక్ దాకా వెనక్కి తీసుకుపోయి, పక్కకు ఆపాడు. మంచి బండి. తప్పు ఏరలేదు. ఇంజను ఆపకుండానే దిగి, తలుపు మెల్లగా వేశాడు.

దొర నడిచి వచ్చాడు, ఆయాసంగా. మొదటి చొప్ప బండి వంతెన దాటి వాళ్ళ పక్కగా కదులుతోంది. దొర నేల చూశాడు, బాలప్ప వైపు చూశాడు, గొంతు తగ్గించాడు.

"రేపట్నుంచి గడీకి రారాదురా గిద్యోనూ. మా నాయిన మాట ఒకటున్నది గద."

ఆ మాట దొర నోట వింటే ఎంత బాగుంటుందోనని గిద్యోను ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇప్పుడు విన్నాడు. కోపంగా కాదు, ఎత్తిపొడవడానికీ కాదు, తెలియకనే అడిగినట్టు అడిగాడు:

"ఏడ కూసోవాలె దొరా?"

దొర బండిలోకి చూశాడు. దొరసాని కూడా చూసింది. సీట్లు రెండు. వాటి వెనక సందులో పెట్రోలు డబ్బా, దాని మీద ఆమె చీరల పెట్టె.

బాలప్ప ఎడ్లను అదిలించాడు. గిద్యోను రెండడుగులు పరిగెత్తి కదులుతున్న బండి తాడు పట్టుకుని చొప్ప మీదికి ఎక్కాడు.